శుక్రవారపు సమాధానం

అరడుగు వెనక

ప్రసంగ వేదిక మీద అనువాదకులు నిలబడవలసిన చోటు ఒకటి ఉంది. అయ్యగారికి ఎడమ పక్కన, అరడుగు వెనక. అంతకన్నా ముందుకు జరిగితే ప్రసంగం మనదైపోతుంది. మరీ వెనక్కి తగ్గితే జనం మనల్ని వెతుక్కుంటూ ఆయనను మరిచిపోతారు. కువైట్‌లోని ఒక ఎపిస్కోపల్ క్రైస్తవ సంఘంలో నా ఉద్యోగ జీవితం చాలావరకు ఆ చోటులోనే గడిచింది. కాగితం మీద నేను సంఘ కార్యాలయ సహాయకురాలిని. నేను నిజంగా చేసిన పని మాత్రం ఇంగ్లిషులో మాట్లాడే గురువుకూ తెలుగులో వినే జనానికీ మధ్య నిలబడటం.

ఇటీవల ఆ పని నుంచి విరమించాను. మా వారికి ఇంకా ఉద్యోగం ఉన్నందున బ్నీద్ అల్ గార్‌లోని మా పాత ఫ్లాట్‌లోనే ఉంటున్నాము. నా తరువాత ఈ పనికి వస్తున్న పిల్లలు ఏమైనా రాసిపెట్టమని అడిగారు. వారికి ఇంగ్లిషు నాకన్నా బాగా వచ్చు కాబట్టి భాష గురించి నేను చెప్పవలసినది తక్కువ. ఈ పని మనిషిని ఏం చేస్తుందో, మనుషులు ఈ పనిని ఏం చేస్తారో చెప్పవలసినది మాత్రం కొంత ఉంది.

నా గురించి అవసరమైనంత చెబుతాను. మాది కోనసీమ. మా అమ్మానాన్నలు కొబ్బరి పీచు కొట్టే పనికి వెళ్లేవారు. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. కాలేజీలో నేను నోరు తెరిస్తే వెనక బెంచీలవారు నవ్వేవారు. అందుచేత ఇంగ్లిషు నేర్చుకున్నంత పట్టుదలగా మా ఊరి యాసను వదిలించుకున్నాను. చదువుకున్నదానినని ప్రతి వాక్యంలోనూ కనబడాలని నాకు ఉండేది. కువైట్ వచ్చేనాటికి నా తెలుగు ఇస్త్రీ చేసిన చీరలా ఉండేది.

మిగిలిన రెండూ ఎవరివి

నేను ఎక్కువ కాలం పనిచేసినది ఫాదర్ ఫిలిప్ గారి దగ్గర. ఉత్తర ఇంగ్లండులో గని కార్మికుల ఇంట పుట్టిన మనిషి. పొడవుగా, కొంచెం వంగి ఉండేవారు. ప్రసంగం చిన్న చిన్న వాక్యాలలో చెప్పేవారు. నాకు అవి చాలా బీదగా వినిపించేవి. ఆయన “దేవుడు మనల్ని ఎరుగును” అని ఊరుకుంటే, నేను దానిని “సర్వజ్ఞుడైన ఆ దేవాది దేవుడు మన అంతరంగములను సమూలముగా ఎరిగియున్నాడు” అని పలికేదానిని. జనం తలలు ఊపేవారు. నాకు తృప్తిగా ఉండేది.

ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక, ఆయన టీ కప్పు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చారు. తెలుగు రాకపోయినా ఆయనకు చెవులు ఉన్నాయి.

“నేను ఒక ముక్క అంటే మీరు మూడు ముక్కలు అంటున్నారు. మిగిలిన రెండూ ఎవరివి?” అని అడిగారు.

తెలుగులో ఒక భావానికి ఎక్కువ మాటలు పడతాయని చెప్పాను. ఆయన ఒప్పుకున్నట్టే తల ఊపి, ఇంకొక మాట అన్నారు. “నన్ను నాకంటే గొప్పవాడిని చేయకండి. వాళ్లు వారం మధ్యలో నన్ను కలిసినప్పుడు మోసపోతారు.”

ఆయన గొంతులో కోపం లేదు. ఆ మాట నాకు చాలాకాలం పనికి వచ్చింది. ఎదుటివారిని ఉన్నంతలో చూపించగలిగిన అనువాదకురాలికి, తనను తాను ఉన్నంతలో చూసుకోవడం కూడా క్రమంగా అలవాటవుతుంది. నా విషయంలో ఆ రెండవది మొదటిదానికన్నా ఆలస్యంగా జరిగింది.

ఆయనలోని లోపం కూడా చెప్పాలి. క్రికెట్ ఉపమానాలు ఆపుకోలేకపోయేవారు. నాకు క్రికెట్ రాదు. మా సంఘంలో సగం మందికి తెలిసిన క్రికెట్ వేరు, ఆయన ఇష్టపడే క్రికెట్ వేరు. ఎన్నిసార్లు చెప్పినా మరుసటి శుక్రవారం మళ్లీ వికెట్లు పడేవి.

మూడు యాసలు

మా దగ్గర ఆరాధన శుక్రవారం. ఆదివారం అందరికీ పనిదినమే. ఒకే ఆవరణలో అనేక భాషల సంఘాలు గంటల ప్రకారం పంచుకుని ఆరాధించుకుంటాయి. మేము లోపలికి వెళ్లేసరికి ముందువారు కూర్చున్న కుర్చీలు ఇంకా వెచ్చగా ఉండేవి. మేము చివరి పాట అందుకునేసరికి తరువాతి వారు గిటార్లు పట్టుకుని వరండాలో నిలబడేవారు. మంగఫ్ క్యాంపుల నుంచి కూలీలు కంపెనీ బస్సు దిగి వచ్చేవారు. కబ్ద్‌లోని తోటల నుంచి కడప కుర్రాళ్లు ఆలస్యంగా, బూట్లకు ఇసుకతో వచ్చేవారు. ఇళ్లలో పనిచేసే ఆడవారు సెలవు దొరికిన పూట వచ్చేవారు. వారిలో క్రైస్తవులు కాని వారు కూడా ఎప్పుడూ కొందరు ఉండేవారు. స్నేహితురాలికి తోడు వచ్చేవారు, తెలుగు వినడానికి వచ్చేవారు. ఎవరు ఎవరని మా సంఘం ద్వారం దగ్గర అడిగేది కాదు. ఈ సంఘంలో నేను మెచ్చుకునే విషయాలు చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది ఇదే.

ఇంతమందికి ఒక తెలుగు సరిపోదు. ఒకసారి ఫిలిప్ గారు రొట్టె గురించి చెబుతూ, తాను పొద్దున్నే అంగడికి వెళ్లానన్నారు. ఏమరుపాటున నా నోట మా ఊరి మాట వచ్చింది: “అయ్యగారు పొద్దున్నే కొట్టుకెళ్లారు, రొట్టె తెచ్చుకున్నారు.” తెలంగాణ వాళ్లు కూర్చున్న వైపు నుంచి గుసగుసలు మొదలయ్యాయి. ఆరాధన తరువాత సంఘ పెద్ద దావీదు గారు నన్ను ఆపారు. ఆయనది నిజామాబాద్ దగ్గర పల్లె. ఒక నిర్మాణ కంపెనీలో ఫోర్‌మన్. ఆడమనిషి వేదిక ఎక్కడం ఆయనకు మొదట్లో ఇష్టం ఉండేది కాదు. ఆ సంగతి దాచుకునేవారూ కాదు.

“మేడం, అయ్యగారు రొట్టె కొట్టుకొచ్చిండా? పోలీసోళ్లు ఇంటే ఎట్ల?”

కొట్టు అంటే మా వైపు దుకాణమని వివరించాను. “దుకాణం అంటే అయిపాయె గద” అన్నారాయన. పక్కనే టీ పోస్తున్న రత్నం నా తరఫున వచ్చింది.

“మేడంగారు ఎప్పుడూ రేడియోలో వార్తలు చదివినట్టు మాటాడతారండి. ఇయ్యాల మొదటిసారి మనిషిలాగ మాటాడేరు. దాన్నీ పట్టుకున్నారేటండి?”

రత్నకుమారిది మా కోనసీమే. ఒక పెద్ద ఇంట్లో వంటమనిషి. సంఘంలో ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరికి కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, మాట వచ్చిందో వారికన్నా ముందు ఆమెకు తెలిసేది. ఆమె నవ్వు వేదిక దాకా వినిపించేది. నన్ను ఆటపట్టించడం తన హక్కుగా భావించేది. ఆ రోజు ఆమె అన్న మాట నాకు మొదట గుచ్చుకుంది. తరువాత, ఎన్నేళ్లుగానో నేను దాచిన గొంతును ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు అనిపించింది. ఆ తరువాత కొట్టు అనలేదు గాని, మా ఊరి గొంతును అంతగా అణచుకోనూ లేదు.

నల్ల గ్లౌజులు

రెడ్డెమ్మను మా సంఘానికి తీసుకువచ్చింది రత్నమే. ఇద్దరూ పక్క పక్క ఇళ్లలో పనిచేసేవారు. రెడ్డెమ్మది రాయచోటి వైపు ఊరు. హిందువు. మెడలో పసుపుతాడు, నుదుట చిన్న కుంకుమబొట్టు, పైన నల్లటి అబాయా. రెండు చేతులకూ మణికట్టు దాటేంత వరకు నల్లటి గ్లౌజులు. ఈ దేశంలో బయటకు వచ్చే ఆడవారు చాలామంది అలాంటివి వేసుకుంటారు కాబట్టి దారిలో ఎవరూ వింతగా చూడరు. కాని లోపలికి వచ్చి, అబాయా తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నాక కూడా ఆమె గ్లౌజులు తీసేది కాదు. టీ కూడా అలాగే తాగేది.

మా ఆరాధనలో, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారపు బల్ల దగ్గరకు వెళ్లే ముందు, ఒకరికొకరు సమాధానం చెప్పుకునే ఘట్టం ఉంటుంది. ప్రభువు సమాధానము మీకు తోడై ఉండును గాక అని గురువు అంటారు. తరువాత అందరూ పక్కవారి చేయి పట్టుకుని “సమాధానం” అంటారు. ఆడవారు ఆడవారికి, మగవారు మగవారికి చేయి ఇస్తారు. అటువారికీ ఇటువారికీ నడుమ నమస్కారాలు. రెడ్డెమ్మ చేయి ఇచ్చేది. అందరూ ఆ నల్ల గ్లౌజునే పట్టుకుని సమాధానం చెప్పేవారు.

కొన్ని వారాలకు ఆడవారిలో మాట పుట్టింది. ఇళ్లలో పనిచేసే మనిషి చేతులు దాచుకుంటోందంటే ఇక్కడ అందరికీ తట్టే ఊహ ఒకటే. ఇస్త్రీపెట్టె, వేడి నూనె. మా సంఘం అలాంటి చేతులను చూడకపోలేదు. రత్నం ఒకరోజు నన్ను కార్యాలయం తలుపు దగ్గర నిలబెట్టింది. ఆ పూట ఆమె నవ్వలేదు.

“అడిగితే చెప్పదండి. గ్లౌజు ముట్టుకుంటే చెయ్యి లాగేసుకుంటాది. ఆ మామా ఏదో చేసిందండి దీన్ని. మీరు అడగండి, మీకు చెప్తాది.”

మామా అంటే ఇక్కడ పనిచేసే ఇంటి యజమానురాలు. దావీదు గారు అప్పటికే ఎవరెవరినో కలిసి వచ్చారు. ఎంబసీవారి ఆశ్రయంలో చోటు ఉంటుందా, ఫిర్యాదు ఎవరి పేరున ఇవ్వాలి అని కనుక్కున్నారు. “ఆ పిల్ల ఊ అంటే చాలు మేడం. నేనే బండి దీస్కొని పోతా” అన్నారు. ఆయన కంపెనీ బండిని సొంత పనికి వాడటం నేను ఎన్నడూ చూడలేదు.

జవాబు, సమాధానం

ఇలాంటి మాటలకు మా పద్ధతి ఒకటి ఉంది. మనిషి తన ఇష్టంతో వస్తేనే గురువు గారు మాట్లాడతారు, నేను అనువదిస్తాను. గదిలో విన్నది గదిలోనే ఉంటుంది. ఈ పనికి వచ్చేవారు దీనిని మొదటి రోజే నేర్చుకోవాలి. వేదిక మీద తప్పు మాట పలికితే మరుసటి వారం సర్దుకోవచ్చు. ఆ గదిలోని మాట బయటకు పొక్కితే సర్దుకోవడం ఉండదు. రెడ్డెమ్మ మాటలు ఆమె రాయమన్నందుకే ఇక్కడ రాస్తున్నాను.

రెడ్డెమ్మను పిలవవలసిన అవసరం రాలేదు. తానే వచ్చింది. అయ్యగారితో మాట్లాడాలని, నన్ను పక్కన ఉండమని అడిగింది. కుర్చీ అంచున కూర్చుని, నేరుగా విషయానికి వచ్చింది.

“మేడం, నేను వచ్చినప్పట్నుంచీ అందురూ సమాధానం, సమాధానం అని చెయ్యి ఇస్తాండారు. నేనూ ఇస్తాండా. నాకైతే ఇంగా సమాధానం రాలే. ఎప్పుడిస్తారో సారును అడుగు.”

నేను అనువదించబోయి ఆగిపోయాను. చిన్నప్పటి నుంచి ఆ మాటను నేను చర్చిలో ఒక అర్థంతో, బడిలో ఇంకొక అర్థంతో వాడుతున్నాను. ఆ రెండూ నాలో ఎన్నడూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. మా క్రైస్తవుల తెలుగులో సమాధానం అంటే శాంతి. రెడ్డెమ్మ తెలుగులో, మిగతా అందరి తెలుగులో, అడిగిన ప్రశ్నకు ఇచ్చేది సమాధానం. ఇంతమంది ఇంత ఆప్యాయంగా చేయి పట్టుకుని ఇస్తామంటున్న సమాధానం కోసం ఆమె శుక్రవారం తరువాత శుక్రవారం వచ్చి ఎదురుచూసింది.

ఫిలిప్ గారికి ఈ చిక్కును వివరించాను. ఆయన నవ్వుతారనుకున్నాను. “మీ భాషలో ఆ రెంటికీ ఒకటే మాటా?” అని అడిగారు. అవునన్నాను. “మా భాషకు అంత అదృష్టం లేదు” అన్నారు. తరువాత ఆమె ప్రశ్న ఏమిటో అడగమన్నారు.

అప్పుడు ఆమె గ్లౌజులు తీసింది.

కాలిన మచ్చలు లేవు. వేళ్ల చివరల నుంచి మణికట్టు దాకా చర్మం తెల్లబడి ఉంది. నడుమ అక్కడక్కడ అసలు రంగు మిగిలి ఉంది. బొల్లి. ఆమెకు పెళ్లయిన కొత్తలో మొదలైందట. అది అంటుకునేది కాదని ఊళ్లో డాక్టరు చెప్పినా ఎవరూ వినలేదట. ఒకరు పాము శాపమన్నారు. ఒకరు పోయిన జన్మలో చేసిన పాపమన్నారు. చెల్లెలి పెళ్లిలో తలంబ్రాల బియ్యం కలపబోతే, సొంత మేనత్త పళ్లెం పక్కకు లాగిందట. ఆమె చేతి వంట తినడానికి ఇంట్లోవాళ్లే ఏదో సాకు చెప్పేవారట.

“ఏం తప్పు జేసినానని నాకు వచ్చింది ఇది? అంతే మేడం నేను అడిగేది. సమాధానం ఇస్తామంటిరి కదా అని వచ్చినా.”

మరి మామా ఏమంటుందని అడిగాను. ఆమె ముఖం మొదటిసారి తేలికపడింది.

“మామాకు తెల్సు. ఆయమ్మే డాక్టరు కాడికి పిల్సకపోయింది. ఆ ఇంట్లో పిల్లోల్లకు నేనే అన్నం తినిపిస్తా, ఒట్టి చేతుల్తోనే. యారోజూ ఏమీ అన్లేదు. గ్లౌజులు ఈడికొచ్చేటప్పుడే ఏసుకుంటా. మన తెలుగోల్ల ముందర.”

ఈ మాటను ఇంగ్లిషులోకి మార్చడానికి నాకు కొంత సమయం పట్టింది. బయట ఆమె చేతుల కోసం కన్నీళ్లు పెట్టుకుంటున్న ఆడవారికి ఆమె భయపడుతోంది. వారు అనుమానిస్తున్న ఇంట్లో నిర్భయంగా ఉంది.

ఫిలిప్ గారు ఆమె చేతుల వైపు మామూలుగా చూశారు. తప్పించుకోలేదు, అదే పనిగా చూడనూ లేదు. ఆ చూపు కూడా ఒక విద్యే. ఆమె ఏ తప్పూ చేయలేదని, ఇది శిక్ష కాదని, అంతవరకు తనకు ఖాయంగా తెలుసునని చెప్పారు. ఎందుకు వచ్చిందో మాత్రం తనకు తెలియదన్నారు. ఆయన చివరి వాక్యాన్ని నేను ఎలా పలకాలి? “నా దగ్గర సమాధానం లేదు” అంటే, ఒక గురువు నోట రాకూడని ఇంకో అర్థం కూడా వస్తుంది. అందుచేత వేరే మాట ఎంచుకున్నాను. “ఎందుకు వచ్చిందన్నదానికి అయ్యగారి దగ్గర జవాబు లేదంట అమ్మా.”

ఆమె కొంచెం ఆలోచించింది.

“జవాబు లేకపోతే పోనీలే. సమాధానం ఉంది కదా?”

ఉందన్నాను. ఆ గదిలో ఆయన తరఫున, ఆయనను అడగకుండా నేను చెప్పిన మాట అది ఒక్కటే. ఆ సంగతి ఆయనకు చెప్పాను. “మీరు అన్నది సరే” అన్నారు.

ఆమె గ్లౌజులు మళ్లీ తొడుక్కుంటూ, తనలో తాను అనుకుంటున్నట్టు, “రాకపోవడం కూడా న్యాయమేలే. అందురూ గ్లౌజుకి ఇస్తాండారు. నాకు ఎవురిచ్చినారు” అంది.

నాకు అప్పుడొక ఆలోచన వచ్చింది. ఇలాంటి పొరపాటుకు తావు లేకుండా, ఇకమీదట వేదిక మీద “సమాధానం” బదులు “శాంతి” అంటే సరిపోతుంది కదా అని ఆమెనే అడిగాను. వద్దని తల అడ్డంగా ఊపింది. “మార్చొద్దు మేడం. నేను ఆ మాట కోసరమే వస్తాండా.”

ఆమె వెళ్లాక, బయట ఉన్నవారి అనుమానం సంగతి ఫిలిప్ గారికి చెప్పాను. దావీదు గారు తొందరపడి ఫిర్యాదు ఇస్తే ఒక మంచి ఇల్లు ఆమెకు దూరమవుతుంది, ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, చిక్కుల్లో పడుతుంది. ఎవరి ఊహ ఏమిటో చెప్పకుండా, మామా మీద ఫిర్యాదు పడవచ్చన్న భయం మాత్రం ఆమెకు చెప్పాము. మామా ఏ తప్పూ చేయలేదన్నంత మాత్రం చెప్పమని ఆమె మాకు సెలవు ఇచ్చింది. మిగతాది తానే చెబుతానంది. మేము అంతే చెప్పాము. రత్నం నమ్మలేదు. “బెదిరించి చెప్పించుంటారండి” అంది. దావీదు గారు కోత పండుగ దాకా ఆగుతానన్నారు. అప్పటికీ ఆ పిల్ల నోరు విప్పకపోతే తన పద్ధతిలో తాను చేస్తానన్నారు. కోత పండుగ దగ్గరలోనే ఉంది.

సంగటి

ఎడారిలో కోత పండుగ ఏమిటని కొత్తవారు నవ్వుతారు. కబ్ద్ కుర్రాళ్లు తెచ్చే కీరకాయలు, టమాటాలు, ముల్లంగి కట్టలు మాకు పంట. ఆ రోజు ఎవరి ఊరి వంట వారు చేసి తెస్తారు. ఆరాధన తరువాత ప్రేమవిందు. కోనసీమ వారి పులసలు ఇక్కడ దొరకవు గనుక రత్నం ఏటా ఏదో ఒక చేపను పట్టుకుని దానికి ఆ గౌరవం ఇచ్చి పులుసు పెట్టేది.

ఆ శుక్రవారం రెడ్డెమ్మ ఒక పెద్ద స్టీలు డబ్బా తెచ్చింది. దానిని గోడవారగా పెట్టి, ఎప్పుడూ కూర్చునే వరుసలో రత్నం పక్కన కూర్చుంది. నేను వేదిక మీద నుంచి చూస్తున్నాను. ప్రసంగం మధ్యలో వికెట్లు పడ్డాయి. వాటిని ఎలా లేపి నిలబెట్టానో నాకు గుర్తు లేదు.

సమాధానపు ఘట్టం వచ్చింది. ఫిలిప్ గారు తన మాట అన్నారు. నేను నా మాట అన్నాను. “ప్రభువు సమాధానము మీకు తోడై ఉండును గాక.” జనం లేచారు. రెడ్డెమ్మ లేచి, ఒక్కొక్క వేలే లాగుతూ గ్లౌజులు తీసి కుర్చీ మీద పెట్టింది. రత్నం వైపు రెండు చేతులూ చాపింది.

బొల్లి అంటే ఏమిటో మా వాళ్లెవరికీ చెప్పనవసరం లేదు. పిల్లను చూడవచ్చిన వారు కాళ్లూ చేతులూ ఎందుకు చూస్తారో తెలిసిన ఊళ్ల నుంచే అందరూ వచ్చారు. వెనక వరుసలో ఇద్దరు ఆడవారు పాటల పుస్తకాలను రెండు చేతులతోనూ పట్టుకోవడం చూశాను. వారిని నేను ఇక్కడ తిట్టదలచుకోలేదు. అలా జరగలేదని మాత్రం రాయలేను.

రత్నం ఆ చేతులను పట్టుకుంది. తిప్పి చూసింది. అరచేతులు చూసింది, మణికట్టు చూసింది, మోచేతి దాకా రవిక చేయి పైకి జరిపి చూసింది. తరువాత ఏడుపు, కోపం కలిసిన గొంతుతో అంది:

“ఇదేనా? ఇదేనంటే? కాల్చేసిందేమో, కోసేసిందేమో అని రోజూ మోకాళ్ల మీద ఏడుత్తున్నానే నేను. ఆ మామాని ఎన్ని తిట్లు తిట్టేనో. ఇప్పుడు ఆవిడకి క్షమాపణ ఎవరు చెప్తారే?”

రెడ్డెమ్మ బిత్తరపోయి చూసింది. “నన్నేమనుకుంటివి అక్కా నువ్వు?”

“చెప్తే కదే తెలిసేది.” అని రత్నం ఆ రెండు చేతులనూ తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. “సమాధానం. ఇంద, తీసుకో. ఇన్నాళ్లదీ కలిపి తీసుకో.”

పక్కవారు కదిలారు. ఒకరి తరువాత ఒకరు వచ్చి ఆ చేతులు పట్టుకున్నారు. మగవారి వైపు నుంచి దావీదు గారు నడవలోకి వచ్చి నిలబడ్డారు. ఏం చేస్తారోనని చూశాను. అందరు ఆడవారికీ చేసినట్టే ఆమెకూ నమస్కారం చేసి, “సమాధానం బిడ్డా” అని తన చోటికి వెళ్లిపోయారు. ఆయన ఆమె కోసం ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. గ్లౌజులు తీసినా, ఆయన నమస్కారం మారలేదు. నా ఉద్యోగంలో నేను చూసిన గొప్ప పనులు ఏవని ఎవరైనా అడిగితే నాకు మొదట తట్టేది అదే.

విందు దగ్గర రెడ్డెమ్మ డబ్బా మూత తీసింది. రాగి సంగటి. పక్కన చెనక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి. గిన్నెలో నీళ్లు తీసుకుని, చేయి తడుపుకుని, సంగటి తీసి ముద్ద చుట్టింది. సంగటి ముద్ద గరిటెతో రాదు, గ్లౌజుతో అసలే రాదు. ఆ సంగతి ముందే తెలిసి తెచ్చింది.

రత్నం వంగి చూసింది. “ఏటే ఇది, రోడ్డు మీద తారులాగ?”

“తిని మాట్లాడు అక్కా. మీ చాపల పులుసు కన్నా మేలే.”

“ఆ మాట అన్నావు కాబట్టి పెట్టు. నోట్లో పెట్టు.” అని రత్నం నోరు తెరిచి నిలబడింది. రెడ్డెమ్మ ముద్ద తుంచి, ఊరుబిండిలో అద్ది, ఆమె నోట్లో పెట్టింది. రత్నం నమిలింది, మింగింది. అందరూ తీర్పు కోసం చూస్తున్నారు. “కారం చాల్లేదు” అని ఇంకో ముద్దకు నోరు తెరిచింది. దావీదు గారు కంచం చాపి, తనకు రెండు ముద్దలు వేయమన్నారు. ఇంట్లో జొన్న గటక తిని పెరిగిన తనకు ఇవి కొత్త కావన్నారు. పాటల పుస్తకాలు పట్టుకున్న ఇద్దరిలో ఒకామె ఆ రోజు సంగటి తీసుకుంది. రెండవ ఆమె చాలా నెలల దాకా తీసుకోలేదు.

ఖాళీ డబ్బా కడుగుతున్నప్పుడు నేను కుళాయి దగ్గరకు వెళ్లాను. సమాధానం వచ్చిందా అని అడిగాను. ఆమె డబ్బాలో నీళ్లు వంపి, చేతులు కొంగుతో తుడుచుకుంది.

“ఇంగా రాలే మేడం. వచ్చే శుక్రారం వస్తా.”

వరుసలో

ఆమె ఈ రోజుకీ వస్తుంది. బొట్టు పెట్టుకునే వస్తుంది. బాప్తిస్మం గురించి ఫిలిప్ గారు ఆమెను ఎన్నడూ అడగలేదు. సంఘంలో కొందరు అడగమన్నారు. ఆమె అడిగినప్పుడు చెబుతానన్నారు. ఆయన తన దేశం వెళ్లిపోయాక వచ్చిన గురువు కూడా ఆ మాటనే నిలబెట్టారు. ఆమె చేతుల తెలుపు ఇప్పుడు మోచేతుల దాకా పాకింది. కోత పండుగకు రెండు డబ్బాల సంగటి తెస్తుంది.

ఈ పనికి వస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగినది ఇంతే. మీ నోటి గుండా వెళ్లే మాట ఎవరి చెవిలో ఏమవుతుందో మీకు తెలియదు. సరిదిద్దడానికి తొందరపడకండి. ముందు వారికి ఏం వినిపించిందో అడగండి. ఒక్కొక్కసారి మనం పలికినదానికన్నా వారు విన్నదే పెద్దదిగా ఉంటుంది. మీ ఊరి గొంతును ఇంట్లో వదిలి రాకండి.

విరమించిన తరువాత వచ్చిన మొదటి శుక్రవారం నేను వేదిక ఎక్కలేదు. రెడ్డెమ్మ, రత్నం జరిగి నాకు వరుసలో చోటు ఇచ్చారు. కొత్త అమ్మాయి అయ్యగారికి ఎడమ పక్కన, అరడుగు వెనక నిలబడి చక్కగా అనువదించింది. సమాధానపు ఘట్టం వచ్చినప్పుడు నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. ఇన్నేళ్లూ ఆ సమయంలో నా ఒక చేతిలో మైకు, ఒక చేతిలో ఆరాధన పుస్తకం ఉండేవి. అందరికీ చెప్పాను గాని, నా చేయి ఎవరూ పట్టుకోలేదు.

రెడ్డెమ్మ నా వైపు తిరిగి, నా చేయి తన తెల్లటి చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు కొంచెం గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

“సమాధానం మేడం” అంది. వదలకుండా పట్టుకుని, నా ముఖంలోకి చూసి అడిగింది. “మీకొచ్చిందా?”

“ఇంకా రాలేదే” అన్నాను, మా ఊరి గొంతుతోనే.

“అయితే వచ్చే శుక్రారం రాండి.”